రివ్యూయర్లు ఇద్దరూ చెరో మాట అంటే ఎవరి మాట వినాలి?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను సామాజిక చరిత్రలో పీహెచ్‌డీ చివరి దశలో ఉన్నాను. పరాయి దేశాలకు కూలి పనికి వెళ్లినవాళ్లు ఇంటికి రాసిన ఉత్తరాల మీద నా పరిశోధన. ఒక అధ్యాయాన్ని వ్యాసంగా చేసి పేరున్న జర్నల్‌కు పంపాను. ఐదు నెలలకు జవాబు వచ్చింది, పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపమని. మొదటి రివ్యూయర్ సిద్ధాంత చర్చ బలహీనంగా ఉందన్నారు. రెండో రివ్యూయర్ సిద్ధాంతం మరీ ఎక్కువైందని, ఉత్తరాలే కనబడటం లేదని అన్నారు. ఎవరి మాట వినాలి? ఈలోపు ఇంకో జర్నల్ వాళ్లు ఫీజు కడితే పది రోజుల్లో వేస్తామని మెయిల్ పెట్టారు. ఒక ప్రచురణ సంస్థ థీసిస్ మొత్తాన్ని ఖర్చు లేకుండా పుస్తకంగా తెస్తామంటోంది. మా గైడేమో వ్యాసం మీద తన పేరు ముందు ఉండాలంటున్నారు. ఉద్యోగానికి అప్లై చేసేలోపు ఒక్కటైనా అచ్చులో కనబడాలి. టెన్షన్‌తో ఆ ఫైలు తెరవడానికే చేతులు రావడం లేదు.
— ఒక పరిశోధకురాలు

సమాధానం:

అమ్మా, ముందు టెన్షన్ కాస్త తగ్గించుకోండి. మీకు వచ్చింది మంచి వార్త. మీ ఉత్తరం చదివితే మీరు దాన్ని తిరస్కరణ కింద లెక్కేసుకున్నట్టున్నారు. పేరున్న జర్నల్స్‌కు వచ్చే వ్యాసాల్లో చాలావాటిని ఎడిటరే చదివి, బయటి నిపుణుల రివ్యూకు పంపకుండానే వెనక్కి పంపేస్తారు. మీది ఆ మెట్టు దాటింది. దాటినవాటిలో కూడా ఒక్క మార్పూ అడగకుండా మొదటిసారే తీసుకునేవి చాలా అరుదు. వ్యాసం వద్దనుకున్న ఎడిటర్ రెండు వాక్యాల్లో ఆ మాట చెప్పి ఊరుకుంటారు. మళ్లీ పంపమన్నారంటే ఇంకోసారి చదవడానికి సిద్ధంగా ఉన్నారని. అలా అడిగినా సవరించి మళ్లీ పంపకుండా వదిలేసే రచయితలు ప్రతి రంగంలోనూ ఉంటారు. మీరు ఆ జాబితాలో చేరకండి. మీరు అడిగిన నాలుగింటిలోనూ నా దృష్టిలో అసలు పని ఇదొక్కటే, కాబట్టి ఎక్కువ మాటలు దీనికే ఖర్చు పెడతాను.

రివ్యూయర్ల నివేదికలు కాసేపు పక్కన పెట్టి, ఎడిటర్ రాసిన కవరింగ్ లెటర్ మళ్లీ చదవండి. చాలామంది కొత్త రచయితలు దాన్ని మర్యాద కోసం రాసిన నాలుగు ముక్కలనుకుని దాటేస్తారు. నిర్ణయం తీసుకునేది ఎడిటరే. రివ్యూయర్లు సలహా ఇస్తారంతే, ఓట్లు వేయరు. ఇద్దరి అభ్యంతరాల్లో ఎడిటర్ తన మాటల్లో మళ్లీ ఎత్తి చెప్పినవి ఏవో చూడండి. "ముఖ్యంగా", "తప్పనిసరిగా" లాంటి మాటలు ఎక్కడ పడ్డాయో గుర్తు పెట్టుకోండి. "వీలైతే చూడండి" అన్నవి వేరే. ఇద్దరు రివ్యూయర్ల మధ్య తేడా గురించి ఎడిటర్ ఒక్క మాట కూడా అనకపోతే, ఎటు వెళ్లాలో మీరే ఆలోచించి చెప్పండని వదిలినట్టు. చిన్న మెయిల్ పెట్టి అడిగినా తప్పు లేదు. కానీ "ఎవరి మాట వినాలి" అని అడగకండి. "నేను ఇలా మార్చాలనుకుంటున్నాను, ఈ దారి మీకు సమ్మతమేనా" అని నాలుగు వాక్యాల్లో అడగండి. మొదటి రకం ప్రశ్నకు ఎడిటర్‌కు చిరాకు వస్తుంది. రెండోదానికి జవాబు వస్తుంది.

ఇక ఆ రెండు నివేదికలు. మీ వ్యాసం నేను చూడలేదు. అయినా ఒకరు సిద్ధాంతం చాలదని, ఇంకొకరు సిద్ధాంతం ఎక్కువైందని అన్నారంటే, ఇద్దరూ ఒకే లోపాన్ని రెండు వైపుల నుంచి చూసి ఉంటారని నా అనుమానం. థీసిస్ అధ్యాయం నుంచి పుట్టిన వ్యాసాల్లో ఇది సర్వసాధారణం. ముందు ఎనిమిదో పదో పేజీలు ఎవరెవరు ఏమన్నారో చెప్పడం, ఆ తర్వాత ఉత్తరాలు తెచ్చి "ఇదిగో ఇక్కడ కూడా అదే కనబడుతోంది" అనడం. ఇలా రాస్తే సిద్ధాంతం ఒక గదిలో, ఉత్తరాలు ఇంకో గదిలో ఉంటాయి. సిద్ధాంతం బాగా తెలిసిన రివ్యూయర్‌కు అక్కడ కొత్త మాట దొరకదు, అందుకని బలహీనంగా ఉందంటారు. ఉత్తరాల కోసం వచ్చిన రివ్యూయర్ పదో పేజీ దాకా ఓపిక పట్టలేక, సిద్ధాంతం ఎక్కువైందంటారు.

ఉదాహరణకు మీ ఉత్తరాల్లో ఇలాంటిది ఒకటి ఉందనుకుందాం. భర్త పంపిన డబ్బుకు లెక్క అడుగుతున్నాడు: "పోయిన నెల పంపినదాంట్లో ఎవరికెంత ఇచ్చావో వరసగా రాసి పంపు." మామూలుగా మన అధ్యాయం ఇక్కడ ఏమంటుంది? "వలస వెళ్లిన పురుషుడు దూరం నుంచి కూడా ఇంటి మీద అధికారం చలాయిస్తాడనే వాదనకు ఈ ఉత్తరం ఉదాహరణ" అంటుంది. అక్కడితో ఆ ఉత్తరం పని అయిపోయింది. కానీ అదే ఉత్తరంలో మూడు లైన్ల కింద అతనే "నువ్వు సరేనంటేనే ఇంకో ఏడాదికి సంతకం పెడతాను, లేకపోతే వచ్చేస్తాను" అని రాశాడనుకోండి. లెక్క అడిగే మనిషే అనుమతి కూడా అడుగుతున్నాడు. మనం తెచ్చుకున్న సిద్ధాంతం మొదటి వాక్యాన్ని వివరిస్తుంది. రెండోదానికి దాని దగ్గర జవాబు లేదు. మీ వ్యాసం మొదలవ్వాల్సింది ఆ రెండో వాక్యం దగ్గర. డబ్బు మీద అధికారం, కాలం మీద అధికారం ఒకే చేతిలో లేవని మీరు చూపించగలిగితే, అది మీ సొంత వాదన అవుతుంది. అప్పుడు మొదటి రివ్యూయర్‌కు సిద్ధాంతం దొరుకుతుంది, రెండో రివ్యూయర్‌కు ఉత్తరం దొరుకుతుంది.

కాబట్టి చేయాల్సిన పని సిద్ధాంతాన్ని పెంచడమో తగ్గించడమో కాదు, దాని చోటు మార్చడం. వ్యాసం మొదటి పేజీలోనే ఒక ఉత్తరం పెట్టండి. ఇప్పటిదాకా ఉన్న వాదనలతో దాన్ని చదివితే ఎక్కడ చిక్కుపడుతుందో ఆ వెంటనే చెప్పండి. మిగతా సిద్ధాంత చర్చను ఏ ఉత్తరం దగ్గర అవసరమో ఆ ఉత్తరం పక్కకు చేర్చండి. ఎక్కడా చేరనిది తీసేయండి. తీసేసినదాన్ని వేరే ఫైల్లో దాచుకోండి, మనసుకు కాస్త తెరిపిగా ఉంటుంది. నిజానికి దాన్ని మళ్లీ తెరిచి చూసేవాళ్లు తక్కువే.

ఇంకో తేడా కూడా గుర్తుంచుకోవాలి. థీసిస్‌లో అధ్యాయం పరీక్షకులకు రాసేది. ఈ రంగంలో చదవాల్సిందంతా మీరు చదివారని అక్కడ నిరూపించుకోవాలి. జర్నల్ చదివేవాళ్లు మీరు చదివారనే నమ్మకంతోనే మొదలుపెడతారు. వాళ్లకు కావాల్సింది ఒక్క ప్రశ్న, దానికి ఒక్క జవాబు, ఆ జవాబు వల్ల వాళ్లు ఇంతకాలం అనుకుంటున్నదాంట్లో ఏం మారుతుందన్న సంగతి. ఆ జర్నల్‌లో గత రెండు మూడేళ్లలో మీ విషయానికి దగ్గరగా వచ్చిన వ్యాసాలు తీసి చదవండి. మీ వ్యాసం వాటిలో ఎవరికి జవాబు చెబుతోందో ఒక పేరాలో రాయలేకపోతే, లోపం సిద్ధాంతంలో లేదు, గురిలో ఉంది. అబ్‌స్ట్రాక్ట్, అంటే వ్యాసం ముందు పెట్టే చిన్న సారాంశం, చివరికి రాయండి. పాత అబ్‌స్ట్రాక్ట్‌ను అటూ ఇటూ సర్ది పెట్టడం ఎడిటర్లకు ఇట్టే తెలిసిపోతుంది.

మార్పులు చేశాక వ్యాసంతో పాటు ఒక జవాబు పత్రం పంపాలి. దీన్ని ఎవరూ సరిగ్గా నేర్పరు, కానీ రెండో విడత నిర్ణయంలో దీని బరువు చాలా ఎక్కువ. రివ్యూయర్ రాసిన ప్రతి అభ్యంతరాన్ని వాళ్ల మాటల్లోనే ఎత్తి రాసి, దాని కింద మీరు ఏం చేశారో, ఏ పేజీలో చేశారో చెప్పాలి. "సవరించాను" అని వదిలేస్తే రివ్యూయర్ వ్యాసమంతా వెతుక్కోవాలి. అది జీతం లేని పని, చాలామంది రాత్రిళ్లు కూర్చుని చేసే పని. వాళ్ల టైము మీరు మిగిల్చితే, వాళ్లు మీ వ్యాసాన్ని సానుభూతితో చదువుతారు. మీ విషయంలో ఆ పత్రం మొదటి పేరా ఇలా ఉండొచ్చు:

"సిద్ధాంత చర్చ చాలదని మొదటి రివ్యూయర్, అది ఉత్తరాలను కప్పేస్తోందని రెండో రివ్యూయర్ అన్నారు. ఈ రెండూ ఒకే కారణం వల్ల వచ్చాయని నాకు అర్థమైంది. పాత ప్రతిలో సిద్ధాంతం, ఉత్తరాలు విడివిడిగా ఉన్నాయి. ఇప్పుడు రెండో భాగాన్ని పూర్తిగా తీసేసి, అందులోని చర్చను 4, 9, 13 పేజీల్లో ఆయా ఉత్తరాల విశ్లేషణలో కలిపాను. వ్యాసం ప్రధాన వాదనను 2వ పేజీలో కొత్తగా రాశాను."

ఇందులో క్షమాపణలు లేవు, పొగడ్తలు లేవు. "అమూల్యమైన సూచనలకు వేవేల కృతజ్ఞతలు" అని ప్రతి పాయింటుకూ రాసేవాళ్లుంటారు. మొదట ఒక్కసారి ధన్యవాదాలు చెబితే చాలు. రివ్యూయర్ చెప్పినదంతా ఒప్పుకోనక్కర్లేదు కూడా. ఒక సూచన పాటిస్తే వ్యాసం వేరే వ్యాసమైపోతుందనుకుంటే ఆ మాటే రాయండి. "ఈ ప్రశ్న ముఖ్యమైనదే, కానీ నా దగ్గరున్న ఉత్తరాల్లో పిల్లలు రాసినవి లేవు కాబట్టి ఆ కోణం గురించి గట్టిగా చెప్పలేను. ఈ పరిమితిని 16వ పేజీలో స్పష్టంగా పేర్కొన్నాను" అంటే ఏ ఎడిటరూ కాదనరు. కాకపోతే ఒక రివ్యూయర్ ఎక్కడో తప్పుగా అర్థం చేసుకున్నారని మీకు అనిపించిన ప్రతిచోటా, ముందు మీ వాక్యాన్నే అనుమానించండి. జాగ్రత్తగా చదివే మనిషి తప్పు చదివితే, వందమంది పాఠకుల్లో చాలామంది అలాగే చదువుతారు.

గడువు చాలకపోతే ముందే అడగండి. గడువు దాటాక అడిగితే కొన్ని జర్నల్స్ కొత్త వ్యాసం కింద లెక్కేసి మొదటి నుంచి మొదలుపెడతాయి. ఇంకో చిన్న విషయం. ఈ రంగాల్లో ఎక్కువగా రచయిత పేరు రివ్యూయర్‌కు, రివ్యూయర్ పేరు రచయితకు తెలియకుండా రివ్యూ జరుగుతుంది. కొత్త ప్రతిలో "నా థీసిస్‌లో చూపినట్టు" లాంటి వాక్యాలు రానివ్వకండి. వర్డ్ ఫైలు ప్రాపర్టీస్‌లో మీ పేరు ఉంటుంది, చేసిన మార్పులను చూపించే ట్రాక్ చేంజెస్‌లో పక్కన మీ పేరు కనబడుతుంది. ఆ రెండూ తీసేసి పంపండి.

ఇప్పుడు పది రోజుల జర్నల్ సంగతి. మీ వ్యాసాన్ని ఇద్దరు నిపుణులు చదివి నివేదిక రాయడానికే నెలలు పడుతుంది. పది రోజుల్లో వేస్తామన్నారంటే ఎవరూ చదవరని అర్థం, లేదా చదివినట్టు ఎవరో నాలుగు ముక్కలు రాస్తారని. చదవకపోతే ఏమవుతుందో తెలియడానికి పాత కథ ఒకటి ఉంది. 1996లో అలన్ సోకల్ అనే భౌతిక శాస్త్రవేత్త కావాలని అర్థంపర్థం లేని వ్యాసం రాసి 'సోషల్ టెక్స్ట్' అనే జర్నల్‌కు పంపితే అది అచ్చయింది. అది నకిలీ జర్నల్ కాదు, పేరున్నదే. అప్పట్లో బయటి నిపుణులతో రివ్యూ చేయించే పద్ధతి దానికి లేదు, అంతే. మీకు విసుగు తెప్పించిన ఆ ఇద్దరు రివ్యూయర్లే రేపు మిమ్మల్ని ఇలాంటి నవ్వులపాటు నుంచి కాపాడేది.

డబ్బు కోసమే పుట్టిన జర్నల్స్ సంగతి ఇంకా ఘోరం. పోలండ్ పరిశోధకులు కొందరు అన్నా ఓ. షుస్ట్ అనే లేని మనిషిని సృష్టించి, ఎడిటర్ పదవికి ఏమాత్రం సరిపోని బయోడేటా తయారుచేసి 360 జర్నల్స్‌కు పంపారు. 2017లో ఆ ఫలితాలు 'నేచర్'లో వచ్చాయి. 48 జర్నల్స్ ఆమెను ఎడిటర్‌గా తీసుకున్నాయి. వాటిలో 40, అనుమానాస్పద జర్నల్స్ అంటూ జెఫ్రీ బీల్ అనే అమెరికన్ లైబ్రేరియన్ నడిపిన జాబితాలోవే. ఆ జాబితా 2017 జనవరిలో మూతపడింది. దాని మీద విమర్శలూ ఉన్నాయి, ఒక్క మనిషి తీర్పు మీద ఎంతవరకు ఆధారపడాలన్నది న్యాయమైన ప్రశ్నే. అందుకే జాబితాల కన్నా మీ కళ్లతో చూసుకోవడం మేలు.

ఏం చూడాలి? ఆ జర్నల్ పోయిన సంచికలో మీ విషయానికి దగ్గరగా ఉన్న వ్యాసం ఒకటి తీసి మొదటి నుంచి చివరిదాకా చదవండి. ఫుట్‌నోట్లలో ఉన్న పుస్తకాలు నిజంగా ఉన్నాయా, పేజీ నంబర్లు సరిపోతున్నాయా చూడండి. ఈ ఒక్క పనితో సగం విషయం తేలిపోతుంది. ఎడిటోరియల్ బోర్డులో ఉన్న ప్రొఫెసర్ తన యూనివర్సిటీ పేజీలో ఆ సంగతి చెప్పుకున్నారా? లేకపోతే ఆయనకే తెలియకపోవచ్చు. చరిత్ర, నర్సింగ్, మెకానికల్ ఇంజినీరింగ్ అన్నీ ఒకే సంచికలో ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు. ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరు చూపించి నమ్మకం కలిగించాలని చూస్తారు. అది వరసగా వచ్చే ఏ ప్రచురణకైనా ఇచ్చే ఎనిమిది అంకెల గుర్తింపు సంఖ్య మాత్రమే, నాణ్యతకు ముద్ర కాదు. ఒక్కో వ్యాసానికి ఆన్‌లైన్‌లో ఇచ్చే గుర్తింపు సంఖ్య డీఓఐ కూడా అంతే. కోప్‌లోనో డీఓఏజేలోనో సభ్యులమని రాసుకుంటే, ఆ జర్నల్ వెబ్‌సైట్‌ను నమ్మకుండా కోప్, డీఓఏజే సైట్లకే వెళ్లి పేరు వెతకండి. కోప్ 1997 నుంచి ప్రచురణ నీతి సంగతులు చూస్తున్న సంస్థ. డీఓఏజే 2003లో స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీలో మొదలైన ఓపెన్ యాక్సెస్ జర్నల్స్ (ఎవరైనా ఉచితంగా చదువుకోగలవి) పట్టిక. నిజమైన జర్నల్ పేరుతో నకిలీ వెబ్‌సైట్ పెట్టేవాళ్లూ ఉన్నారు కాబట్టి, మెయిల్లో వచ్చిన లింకు నొక్కకుండా లైబ్రరీ కేటలాగ్ ద్వారా వెళ్లండి.

అలాగని ఫీజు అడిగే ప్రతి జర్నలూ దొంగది అనుకోకండి. 2002 నాటి బుడాపెస్ట్ ప్రకటన తర్వాత ఓపెన్ యాక్సెస్ అన్నది గట్టి ఉద్యమంగా పెరిగింది. పాఠకుడి దగ్గర డబ్బు తీసుకోకపోతే ఖర్చు ఎవరో భరించాలి. కొన్నిచోట్ల ఆ భారం రచయిత మీద పడింది. పెద్ద గ్రాంట్లు నడిచే విజ్ఞానశాస్త్రాల్లో ఆ ఫీజు గ్రాంటులోంచే పోతుంది. ఉత్తరాల కట్టలు ముందేసుకుని ఒంటరిగా పని చేసే చరిత్రకారిణికి ఆ గ్రాంటు ఎక్కడిది? మన రంగాలకు ఆ పద్ధతి అతకదు. అందుకే 2015లో మొదలైన ఓపెన్ లైబ్రరీ ఆఫ్ హ్యుమానిటీస్ లాంటివి రచయితల దగ్గర ఏమీ తీసుకోకుండా, లైబ్రరీలు తలా కొంచెం వేసుకున్న డబ్బుతో నడుస్తున్నాయి. అదే ఏడాది 'లింగువా' అనే భాషాశాస్త్ర జర్నల్ ఎడిటర్లు ప్రచురణ సంస్థతో ఓపెన్ యాక్సెస్ షరతుల మీద పేచీపడి, మూకుమ్మడిగా రాజీనామా చేసి 'గ్లోసా' పేరుతో సొంతంగా ఇంకోటి పెట్టుకున్నారు. నాకైతే ఆ కథ ఎప్పుడు గుర్తొచ్చినా హుషారుగా ఉంటుంది. మీరు పంపిన జర్నల్ చందాతో నడిచేదైనా, అంగీకరించిన ప్రతిని యూనివర్సిటీ రిపాజిటరీలో (పరిశోధనలను ఆన్‌లైన్‌లో దాచే చోటు) పెట్టుకోవడానికి చాలావరకు అనుమతి ఉంటుంది. కొన్ని నెలల ఎంబార్గో, అంటే అప్పటిదాకా బయట పెట్టకూడదన్న గడువు, ఉండొచ్చు. సంతకం పెట్టే ముందు ఒప్పందంలో ఆ భాగం చదవండి.

పది రోజుల జర్నల్‌లో ఒకసారి వ్యాసం పడితే వెనక్కి తీసుకోవడం కష్టం. వెనక్కి తీసుకోవడానికి మళ్లీ ఫీజు అడిగేవాళ్లున్నారు. అచ్చయిన వ్యాసాన్ని ఇంకెవరూ తీసుకోరు. పైగా మీ వ్యాసం ఇప్పటికీ మొదటి జర్నల్ వాళ్ల చేతిలో ఉన్నట్టే లెక్క. ఒకే వ్యాసాన్ని ఒకేసారి రెండు చోట్లకు పంపడం ఈ రంగంలో తప్పు. మీరు దాన్ని సవరించి పంపదలచుకోకపోతే ఉపసంహరించుకుంటున్నానని రాసి, ఆ తర్వాతే వేరే చోటికి పంపాలి.

పుస్తకం సంగతి క్లుప్తంగా. వద్దు. ఎవరూ చదవకుండా, ఒక్క వాక్యం మార్చమనకుండా థీసిస్‌ను ఉన్నదున్నట్టు అచ్చేస్తామనేవాళ్లు మీకు చేసే మేలేమీ లేదు. హక్కులు రాయించుకుంటారు, ఎవరైనా కొన్నప్పుడు ఒక కాపీ ముద్రిస్తారు. రేపు మంచి యూనివర్సిటీ ప్రెస్ దగ్గరికి వెళితే, ఇది ఇదివరకే పుస్తకంగా వచ్చింది కదా అంటారు. థీసిస్ పుస్తకం కావాలంటే చాలావరకు తిరగరాయాలి, దానికి ఒకటి రెండేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. అప్పుడు ప్రపోజల్ రాసుకుని వెళ్లండి. వ్యాసాల్లా కాకుండా, పుస్తకం ప్రపోజల్‌ను ఒకటి కన్నా ఎక్కువ ప్రెస్‌లకు పంపొచ్చు, ఆ సంగతి వాళ్లకు చెబితే సరిపోతుంది.

ఉద్యోగం తొందర నాకు అర్థమవుతుంది. కానీ "సవరించి పంపమన్నారు" అన్న దశను కూడా బయోడేటాలో నిజాయితీగా రాసుకోవచ్చు, జర్నల్ పేరుతో సహా. అంగీకారం వచ్చేదాకా "త్వరలో ప్రచురణ" అని మాత్రం రాయకండి. ఇంటర్వ్యూ బోర్డులో అదే జర్నల్‌కు రివ్యూ చేసే మనిషి కూర్చుని ఉండొచ్చు. ఆ జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎంత అని ఎవరైనా అడిగితే కంగారు పడకండి. ఆ లెక్క మామూలుగా అంతకుముందు రెండేళ్ల వ్యాసాలకు ఆ ఏడాది వచ్చిన ఉల్లేఖనల మీద కడతారు. చరిత్ర వ్యాసాన్ని ఎవరో చదివి, తమ పుస్తకంలో వాడుకుని, ఆ పుస్తకం అచ్చయ్యేసరికి ఐదారేళ్లు గడుస్తాయి. జర్నల్ అంకెలతో మనిషి పనిని కొలవొద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన డోరా ప్రకటన కూడా చెబుతోంది.

గైడ్ గారి పేరు సంగతి కొంచెం సున్నితం. విజ్ఞానశాస్త్రాల్లో ల్యాబ్ నడిపే మనిషి పేరు వ్యాసం మీద ఉండటం వాడుక. మన రంగాల్లో థీసిస్ నుంచి వచ్చిన వ్యాసం మీద రాసినవాళ్ల ఒక్క పేరే ఉండటం వాడుక. గైడ్‌కు కృతజ్ఞతల్లో చోటుంటుంది. ఆయన ఉత్తరాల సేకరణలోనో వ్యాసం రాయడంలోనో నిజంగా పాలుపంచుకుంటే రెండో పేరుగా పెట్టడంలో న్యాయం ఉంది. పేరా పేరా దిద్దారంటే అది గైడ్ పనే. ఒంటరి రచయితగా ఇప్పటికే పంపిన వ్యాసానికి మధ్యలో పేరు చేర్చాలంటే జర్నల్స్ సాధారణంగా రాతపూర్వకంగా కారణం అడుగుతాయి. ఆ మాట ఆయనకు మర్యాదగా చెప్పండి: "సర్, మధ్యలో పేరు చేరిస్తే ఎవరు ఏం చేశారో రాసివ్వమంటారట, ఏమని రాయమంటారు?" చాలామంది అక్కడ ఆగిపోతారు. ఆగకపోతే డిపార్ట్‌మెంట్లో మీరు నమ్మే ఇంకో సీనియర్‌తో మాట్లాడండి. గైడ్‌తో జరిగినదంతా మెయిళ్లలోనే ఉండేలా చూసుకోండి. పరీక్షకులు, సిఫారసు లేఖలు ఆయన చేతిలో ఉన్న దశలో ఎంతదాకా గట్టిగా నిలబడాలన్నది మీరే తేల్చుకోవాలి. దూరంగా కూర్చుని ధైర్యం చెప్పడం నాకు తేలిక.

చివరగా మీరు అడగని విషయం ఒకటి. ఆ ఉత్తరాలు వాడుకోవడానికి మీకు అనుమతులున్నాయా? కాగితం ఆర్కైవ్‌దో, ఆ కుటుంబందో కావచ్చు. అందులోని రాత మీద కాపీరైట్ మాత్రం రాసిన మనిషిది, ఆ తర్వాత వారసులది. చాలా దేశాల్లో అది మనిషి పోయాక 50 నుంచి 70 ఏళ్లదాకా ఉంటుంది. నవలా రచయిత శాలింజర్ ఉత్తరాలు యూనివర్సిటీ లైబ్రరీల్లో ఎవరైనా చదువుకునేలా ఉండేవి. అయినా ఒక జీవితచరిత్రకారుడు వాటిని పుస్తకంలో వాడుకోబోతే, 1987లో అమెరికా కోర్టు ఆపేసింది. అచ్చుకాని రచన అన్న ఒక్క కారణంతో న్యాయమైన వాడకాన్ని (అనుమతి లేకుండా కొంత వాడుకునే వెసులుబాటు) కొట్టేయకూడదని 1992లో అక్కడి చట్టాన్ని సవరించారు. మీ దేశంలో నియమం ఏమిటో లైబ్రరీలో కాపీరైట్ చూసే మనిషిని అడగండి. రెండు మూడు లైన్లు ఎత్తి రాయడానికి, ఉత్తరం మొత్తం ఫొటో వేయడానికి చాలా తేడా ఉంటుంది.

ఉత్తరాల్లో ఇంకెవరి సంగతులో కూడా ఉంటాయి. అప్పు తీర్చని బంధువు, చెప్పకుండా వెళ్లిపోయిన కోడలు. వాళ్లో వాళ్ల పిల్లలో బతికే ఉండొచ్చు. పేర్లు మార్చండి, మార్చిన సంగతి ఒక ఫుట్‌నోట్లో చెప్పండి. ఊరి పేరు, ఓడ పేరు, తేదీ మూడూ కలిపితే మనిషి దొరికిపోయేలా ఉంటే వాటిలో ఒకటి తీసేయండి. ఆర్కైవ్ రీడింగ్ రూమ్‌లో మొదటి రోజు సంతకం పెట్టిన ఫారం ఎక్కడుందో వెతకండి, ప్రచురణ షరతులు చాలావరకు అందులోనే ఉంటాయి. అనుమతి కోరుతూ రాసిన ప్రతి మెయిలూ, జవాబు రాకపోయినా, తేదీలతో ఒక ఫోల్డర్లో పెట్టుకోండి. వ్యాసం అంగీకరించాక జర్నల్ వాళ్లు అడిగేది ఆ ఫోల్డరే. ఇలాంటి మెయిళ్లకు జవాబులు రావడానికి నెలలు పడుతుంది కాబట్టి, సవరణ మొదలుపెట్టిన వారంలోనే అవి కూడా పంపడం మొదలుపెట్టండి.